పెళ్లి రిజిస్టరులో ఊరి పేరు



ఇంగ్లండులో ఏ పల్లెటూరి చర్చిలోనైనా రెండు వందల ఏళ్ల నాటి పెళ్లి రిజిస్టరు తెరిస్తే ఒక మాట పేజీ పేజీకీ ఎదురవుతుంది. పెళ్లికొడుకు పేరు, పక్కనే "ఈ పారిష్ వాడు" అని. పెళ్లికూతురు పేరు, పక్కనే "ఈ పారిష్ మనిషి" అని. తమ వంశం ఎక్కడిదో వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు ఆ మాట చూడగానే ప్రాణం లేచివస్తుంది. తాతగారి తాత ఊరు దొరికిందనుకుంటారు. అదే చర్చి బాప్తిస్మాల పుస్తకం తీసి ఇరవై ఏళ్లు, పాతికేళ్లు, ముప్పై ఏళ్లు వెనక్కి తిప్పుతారు. ఆ పేరు కనపడదు. కనపడకపోతే నయమే. ఒక్కోసారి అదే పేరుతో వేరే పిల్లాడు కనిపిస్తాడు. జాన్‌లు, విలియంలు, థామస్‌లు ఊరికి పదిమంది ఉన్న కాలం అది. ఆ పిల్లాడి తల్లిదండ్రుల్ని తెచ్చి తమ వంశవృక్షంలో పెట్టుకుంటారు. అక్కడి నుంచి పైకి ఎన్ని తరాలు ఎక్కినా అవన్నీ పరాయివాళ్ల తరాలే.

రిజిస్టరు అబద్ధం చెప్పలేదు. మనం అడిగేది "మీరు ఎక్కడ పుట్టారు, మీ వాళ్లు ఎక్కడివాళ్లు" అని. పెళ్లి చేసిన పాదిరి అడిగింది "ఇప్పుడు మీ మకాం ఎక్కడ, మీ పెళ్లి చేసే హక్కు నా చర్చికి ఉందా" అని. రిజిస్టరులో ఉన్నది ఆయన ప్రశ్నకు జవాబు. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఎంత దూరం ఉందో ఈ పూట చెప్పుకుందాం.

పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊళ్ల పరిధి. మన కథోలిక క్రైస్తవులు విచారణ అంటారు. ఇంగ్లండులో ఈ పరిధి ప్రార్థనలతో ఆగిపోలేదు. రోడ్ల మరమ్మతు, బీదల పోషణ, దానికోసం ఇంటింటి నుంచీ పన్ను వసూలు, అన్నీ పారిష్ పేరిటే జరిగేవి. 1538లో ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్, ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు పుస్తకంలో ఎక్కించాలని ఉత్తరువు ఇచ్చాడు. మొదట్లో ఆ పుస్తకాలు చాలా పొదుపు. తేదీ, రెండు పేర్లు, అంతటితో సరి. కొన్నిచోట్ల లాటిన్‌లో రాసేవారు. ఇద్దరూ ఈ పారిష్ వాళ్లే అయితే "అంబో హుయుస్ పరోకియే" అని ఒక ముక్క చేర్చేవారు. పొరుగూరి పెళ్లికొడుకైతే అతని ఊరు రాసి, సొంత ఊరివాడైతే ఏమీ రాయకుండా వదిలేసిన పాదిరులు ఉన్నారు. ఎవరికీ ఏ ఊరూ రాయని పాదిరులూ ఉన్నారు. అందువల్ల ఊరి పేరు లేనిచోట ఆ మనిషి అక్కడివాడే అని తేల్చేముందు, ఆ పాదిరి అలవాటు ఏమిటో ముందు పేజీలు, వెనక పేజీలు చదివి పట్టుకోవాలి. పాదిరి మారితే అలవాటు మారుతుంది. చేతిరాత ఎక్కడ మారిందో గమనించడం ఈ పనిలో సగం చదువు.

ఒక ఊరి పేరు పండితులను ఎన్నేళ్లు తిప్పలు పెట్టగలదో చూడాలంటే షేక్‌స్పియర్ పెళ్లి కాగితాలు చూడాలి. 1582 నవంబరు. విలియంకు 18 ఏళ్లు. పెళ్లికూతురు ఆన్ హాతవే అతనికన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద, అప్పటికే గర్భవతి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో పెళ్లి ప్రకటనలు చదవడానికి వీల్లేదు. ఆ కాలం దగ్గర పడుతోంది. మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదివేదాకా ఆగే వ్యవధి లేదు. అందుకని వూస్టర్ బిషప్ కచేరీకి వెళ్లి, ఒక్క ప్రకటనతో పెళ్లి జరుపుకోవడానికి లైసెన్సు తీసుకున్నారు.

ఆ కచేరీలో రెండు కాగితాలు మిగిలాయి. నవంబరు 27న బిషప్ రిజిస్టరులో గుమాస్తా రాసుకున్న పద్దు ఒకటి. అందులో పెళ్లికూతురు పేరు ఆన్ వాట్లీ, ఊరు టెంపుల్ గ్రాఫ్టన్. ఆ మర్నాడు, 28న, రాసిన పూచీకత్తు మరొకటి. ఈ పెళ్లికి చట్టపరంగా ఏ అడ్డంకీ లేదని స్ట్రాట్‌ఫర్డ్ రైతులు ఇద్దరు 40 పౌండ్లకు జామీను ఉన్నారు. ఈ కాగితంలో పెళ్లికూతురు ఆన్ హాతవే, ఊరు స్ట్రాట్‌ఫర్డ్. ఒక్క రోజు తేడాలో ఒకే కచేరీ నుంచి వచ్చిన రెండు కాగితాల్లో ఇంటిపేరూ వేరే, ఊరూ వేరే.

దీనిమీద కథలు అల్లినవాళ్లు ఉన్నారు. షేక్‌స్పియర్ ప్రేమించింది ఒకరిని, కట్టుకున్నది ఇంకొకరిని అని. నిదానంగా చదివేవాళ్లకు అంత దూరం పోవలసిన పని కనిపించదు. అదే రోజు ఆ కచేరీలో వాట్లీ ఇంటిపేరున్న మనిషి వ్యాజ్యం ఒకటి నడిచింది. గుమాస్తా చెయ్యి ఒక పేరు బదులు మరో పేరు రాసి ఉండవచ్చు. ఇంటిపేరు సంగతి అలా సర్దుకున్నా ఊరి పేరు మిగిలే ఉంటుంది. టెంపుల్ గ్రాఫ్టన్ స్ట్రాట్‌ఫర్డ్‌కు పడమరగా ఐదు మైళ్ల దూరంలో ఉన్న వేరే పారిష్. ఆన్ తండ్రి అంతకు ఏడాది ముందు పోయాడు. ఆన్ అప్పుడు అక్కడ ఎవరింట్లోనైనా ఉంటున్నదేమో. లేదా పెళ్లి జరగబోయే చర్చి అది కావచ్చు. స్ట్రాట్‌ఫర్డ్ రిజిస్టరులో విలియం బాప్తిస్మం ఉంది, పెళ్లి మాత్రం లేదు. అంటే పెళ్లి మరో చర్చిలో జరిగింది. లైసెన్సు తీసుకోవడంలో ఉన్న సౌకర్యమే అది.

నాకు ఇందులో ఇంకా విలువైనదిగా తోచేది రెండో కాగితం. అందులో తప్పేమీ లేదు. అయినా అది మనకు పూర్తిగా చెప్పదు. ఆన్ వాళ్ల ఇల్లు స్ట్రాట్‌ఫర్డ్ పట్టణంలో లేదు. పట్టణానికి మైలు దూరంలో షాటరీ అనే చిన్న పల్లెలో ఉంది. ఆ ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. కానీ షాటరీకి సొంత చర్చి లేదు, అది స్ట్రాట్‌ఫర్డ్ పారిష్‌లో భాగం. అందుకని చట్టం దృష్టిలో ఆమె స్ట్రాట్‌ఫర్డ్ మనిషి. పారిష్ పేరు తన కడుపులో ఎన్ని పల్లెలను దాచుకుంటుందో ఈ ఒక్క పద్దు చూస్తే తెలుస్తుంది.

ఉత్తరాన ఇది మరీ ఎక్కువ. మాంచెస్టరు పాత పారిష్‌లో ముప్పై దాకా టౌన్‌షిప్‌లు ఉండేవి. మిల్లులు వచ్చి జనం పోటెత్తిన కాలంలో ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా పెళ్లికి మాంచెస్టరు పెద్ద చర్చికే వచ్చేవారు. పద్దెనిమిదో శతాబ్ది చివర అక్కడ పనిచేసిన జాషువా బ్రూక్స్ అనే పాదిరి జంటలను వరసగా నిలబెట్టి ఒకే పూట గుంపులుగా పెళ్లిళ్లు చేసినవాడిగా పేరు పొందాడు. అలాంటి చర్చి రిజిస్టరులో "ఈ పారిష్ వాడు" అని ఉంటే, అతను ఆ ముప్పై ఊళ్లలో ఎక్కడివాడైనా కావచ్చు. పాత పారిష్ హద్దులు చూపే పటం పక్కన లేకుండా ఆ మాట చదవకూడదు. ఫిల్లిమోర్ అట్లాస్ అని ఒకటి ఉంది, జిల్లాల వారీగా 1832కు ముందటి హద్దులు గీసి చూపిస్తుంది. ఈ పని చేసేవాళ్లంతా దాన్ని దగ్గర పెట్టుకుంటారు.

ఇక 1753 నాటి చట్టానికి వద్దాం. అప్పటిదాకా లండన్‌లో ఫ్లీట్ జైలు చుట్టుపక్కల సందుల్లో రహస్యపు పెళ్లిళ్లు ఇబ్బడి ముబ్బడిగా జరిగేవి. ప్రకటన లేదు, లైసెన్సు లేదు, అడిగేవాడు లేడు. హార్డ్‌విక్ ప్రభువు తెచ్చిన చట్టం 1754 మార్చి 25 నుంచి దానికి అడ్డుకట్ట వేసింది. పెళ్లి చర్చిలోనే జరగాలి. మూడు ఆదివారాల ప్రకటన కావాలి, లేదా లైసెన్సు కావాలి. ఇద్దరివీ వేరే పారిష్‌లైతే రెండుచోట్లా ప్రకటన చదవాలి. ప్రకటనకు ఏడు రోజుల ముందు, తాము ఏ ఇంట్లో ఉంటున్నదీ ఎన్నాళ్లుగా ఉంటున్నదీ పాదిరికి రాసి ఇవ్వాలి. లైసెన్సు అయితే ఇద్దరిలో ఒకరు ఆ పారిష్‌లో అంతకు ముందు నాలుగు వారాలు కాపురం ఉండి ఉండాలి. యూదులకు, క్వేకర్లకు తప్ప మిగతా అందరికీ ఇదే దారి. కథోలికులు, బాప్టిస్టులు కూడా 1837 దాకా ఇంగ్లండు చర్చికి వచ్చే పెళ్లి చేసుకోవలసి వచ్చింది. కాబట్టి రిజిస్టరులో పారిష్ పేరు ఉన్నంత మాత్రాన ఆ కుటుంబం మతం ఏదో కూడా తెలియదు.

ఈ చట్టంలో పదో సెక్షన్ అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. పెళ్లి జరిగిపోయాక, ఆ దంపతులు నిజంగా ఆ పారిష్‌లో ఉన్నారా లేదా అని రుజువు చూపనక్కర్లేదు, లేరని చెప్పే సాక్ష్యాన్ని ఏ కోర్టూ తీసుకోకూడదు అంటుంది అది. చట్టం ఉద్దేశం మంచిదే. పిల్లలు పుట్టాక ఎవరో వచ్చి "వాళ్లు ఆ ఊళ్లో లేనే లేరు, ఆ పెళ్లి చెల్లదు" అంటే ఆ సంసారం ఏం కావాలి? కానీ వంశచరిత్రకారుడికి దీని ఫలితం వేరు. పెళ్లికి ముందు నివాసం ఎంత గట్టిగా అడిగారో, పెళ్లి తర్వాత అంత గట్టిగా వదిలేశారు. పట్టణంలో ఒక గది అద్దెకు తీసుకుని కొన్నాళ్లు మకాం పెట్టి "ఈ పారిష్ వాడు" అయిపోయిన వాళ్లు ఎందరో. తల్లిదండ్రులకు ఇష్టం లేని పెళ్లి, సొంత ఊళ్లో ప్రకటన చదివితే రచ్చ అవుతుందన్న భయం, ఇలాంటివే కారణాలు. లండన్ పారిష్‌లలో కనిపించే ప్రతి నివాసాన్నీ ఈ అనుమానంతోనే చూడాలి.

ఈ చట్టంతోనే అచ్చు ఫారాల పుస్తకాలు వచ్చాయి. ముందే అచ్చయిన వాక్యంలో ఖాళీలు, ఆ ఖాళీల్లో పేర్లు, పారిష్‌లు, కింద పాదిరి సంతకం, దంపతుల సంతకాలు లేదా ఇంటు గుర్తులు, ఇద్దరు సాక్షులు. ఫారం ఎలా నింపాలో చూపడానికి పుస్తకం మొదట్లో నమూనా పేజీ ఉండేది. హాంప్‌షైర్‌లో స్టీవెంటన్ అనే చిన్న ఊరి రిజిస్టరులో ఆ నమూనా పేజీని ఆ ఊరి పాదిరిగారి అమ్మాయి సరదాగా నింపింది. ఆమే తర్వాత నవలా రచయిత్రి అయిన జేన్ ఆస్టిన్. ఒక ఫారంలో లండన్ పెళ్లికొడుకు, నాలుగు మాటల గొప్పింటి పేరుతో. మరో ఫారంలో లివర్‌పూల్ పెళ్లికొడుకు, అదీ బారెడు పేరే. మూడోచోట ఒట్టి జాక్ స్మిత్. పెళ్లికూతురు మాత్రం మూడుచోట్లా తనే. ఆ పిల్ల రాసింది కల్పితమైన పెళ్లిళ్లే, ఆమె జీవితాంతం పెళ్లి చేసుకోలేదు. అయినా చూడండి, పెళ్లికొడుకులకు ఊహించిన పేర్లతో పాటు దూరపు ఊళ్లను కూడా ఊహించింది. పాదిరి ఇంట్లో పెరిగిన పిల్లకు ఆ ఖాళీలో ఏముండాలో, ఊరి పేరు పెళ్లికొడుకు హోదాను ఎలా పెంచుతుందో తెలుసు. ఆ పుస్తకం ఇప్పుడు హాంప్‌షైర్ రికార్డు ఆఫీసులో భద్రంగా ఉంది.

రిజిస్టర్లలో మరో మాట వస్తుంది. "ఇక్కడ తాత్కాలికంగా ఉంటున్నవాడు" అన్న అర్థంలో, ఇంగ్లీషులో సోజర్నర్ అని. డెవన్, కార్న్‌వాల్ వంటి నైరుతి జిల్లాల పుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు దాన్ని చూసి దేశదిమ్మరి అనుకుంటారు. అలా అనుకోనక్కర్లేదు. ఆ మాట వెనక ఉన్నది బీదల చట్టం.

తెలుగువాళ్లకు దీన్ని వివరించడం సులువు. హైదరాబాదు సంస్థానంలో ముల్కీ నిబంధనలు ఉండేవి. పదిహేనేళ్ల నివాసం ఉంటే ముల్కీ, లేకపోతే కాదు. ఆ తర్వాత మనకు లోకల్, నాన్‌లోకల్ వచ్చాయి. మనిషి ఎక్కడ ఉంటున్నాడన్నది ఒకటి, చట్టం అతన్ని ఎక్కడివాడిగా లెక్కిస్తుందన్నది మరొకటి అని మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంగ్లండులో 1662 చట్టం నుంచి ప్రతి బీదవాడికీ ఇలాంటి చట్టబద్ధమైన సొంత పారిష్ ఒకటి ఉండేది. జబ్బు చేసినా, పని పోయినా, ముసలితనం వచ్చినా గంజి పోసే బాధ్యత ఆ పారిష్‌దే. ఆ హక్కు పుట్టుకతో రావచ్చు, ఒక యజమాని దగ్గర పని నేర్చుకునే కుర్రాడిగా ఉన్నందువల్ల రావచ్చు, పెళ్లికాని మనిషి ఒకే యజమాని దగ్గర పూర్తిగా ఏడాది పాలేరుగా పనిచేస్తే రావచ్చు, ఏడాదికి పది పౌండ్ల అద్దె ఇల్లు తీసుకుంటే రావచ్చు. ఆడవాళ్లకు పెళ్లితో పాత హక్కు పోయి భర్త పారిష్ హక్కు వచ్చేది. హక్కు లేనివాడు పొరుగు పారిష్‌కు భారమయ్యేలా కనిపిస్తే ఇద్దరు మేజిస్ట్రేట్ల ఉత్తర్వుతో బండెక్కించి సొంత పారిష్‌కు పంపేసేవారు. భారమయ్యేలా కనిపించినా చాలు, చెయ్యి చాపనక్కర్లేదు. 1795లో ఆ ఒక్కటీ మారింది, నిజంగా సాయం అడిగితే తప్ప పంపడానికి లేదన్నారు.

ఇందులో యజమానుల ఎత్తులు కూడా ఉన్నాయి. పూర్తి ఏడాది ఉంచుకుంటే పాలేరుకు హక్కు వచ్చి ఊరిమీద భారం పడుతుందని 51 వారాలకే మాట్లాడుకునేవారు. ఆ ఒక్క వారం ఎందుకు తగ్గించారో తెలియనివాడికి ఆ కాలపు కాగితాలు అర్థం కావు.

1697 నుంచి మరో సౌకర్యం వచ్చింది. "ఈ మనిషి మావాడే, ఎప్పుడైనా బీదరికం వస్తే మేమే తీసుకుంటాం" అని సొంత పారిష్ రాసిచ్చిన సర్టిఫికెట్ చేతిలో ఉంటే పొరుగు పారిష్‌లో ఉండనిచ్చేవారు. అలా వచ్చిన నేతపనివాడు ఒక ఊళ్లో ఇరవై ఏళ్లు ఉండవచ్చు. ఆ చర్చిలోనే పెళ్లి చేసుకోవచ్చు. రిజిస్టరులో "ఈ పారిష్ వాడు" అనే పడవచ్చు. అయినా అతని చట్టబద్ధమైన ఊరు వేరు. ఇంకో పాదిరి అదే మనిషిని సోజర్నర్ అని రాయవచ్చు. రెండు మాటలూ నిజమే. అందుకే ఆ సర్టిఫికెట్లు, తిప్పి పంపే ఉత్తర్వులు, మేజిస్ట్రేట్ ముందు బీదవాడు ప్రమాణం చేసి చెప్పుకున్న వాంగ్మూలాలు పెళ్లి పద్దుకన్నా ఎంతో విలువైనవి. ఎక్కడ పుట్టాడు, ఏ వయసులో ఎవరి దగ్గర పనికి కుదిరాడు, ఎంత జీతం, ఎక్కడ పెళ్లాడాడు అని బతుకంతా అందులో ఉంటుంది. చదువురాని కూలివాడి నోటి మాట రెండు వందల ఏళ్ల తర్వాత మనకు అందేది అక్కడే.

పాలేర్ల సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొకటి. దక్షిణాన సెప్టెంబరు 29న మైకేల్మస్ పండుగకు, ఉత్తరాన నవంబరు 11న మార్టిన్మస్‌కు పాలేర్ల ఏడాది ముగిసేది. జీతం అంతా ఒక్కసారి చేతిలో పడేది. యజమాని ఇంట్లో తిని పడుకునే కొలువు, పెళ్లయితే అది ఉండదు. అందువల్ల ఈ పండుగల వెంటనే పెళ్లిళ్లు ఎక్కువ. అక్టోబరులో జరిగిన పెళ్లిలో పాలేరు పక్కన ఏ పారిష్ పేరున్నా, అది అతను ఆ ఏడాది పనిచేసిన ఊరు అయ్యే అవకాశమే ఎక్కువ. తండ్రి ఊరు పది మైళ్ల లోపు ఎక్కడైనా ఉండవచ్చు. చుట్టూ ఉన్న పారిష్‌ల బాప్తిస్మాల పుస్తకాలన్నీ వరసగా చూడాలి.

ఊరి పద్దు వెనక బలవంతం కూడా దాగి ఉంటుంది. పెళ్లికాని తల్లికి పుట్టిన బిడ్డ ఏ పారిష్‌లో పుడితే ఆ పారిష్ ఖర్చు. అందుకని గర్భవతి అయిన అమ్మాయి చేత తండ్రి పేరు చెప్పించి, అతన్ని పట్టుకుని, లైసెన్సు ఖర్చు కూడా పారిష్ అధికారులే పెట్టుకుని పెళ్లి చేయించిన సందర్భాలు ఉన్నాయి. నార్‌ఫోక్‌లో పాదిరిగా ఉన్న జేమ్స్ వుడ్‌ఫర్డ్ 1787 జనవరి దినచర్యలో అలాంటి పెళ్లి ఒకటి రాసుకున్నాడు. పక్క ఊరు రింగ్లండ్‌కు వెళ్లి తనే చేశాడు. పెళ్లికొడుకు కస్టడీలో ఉన్నాడు, చర్చి ఆవరణ దాకా వచ్చాక కూడా ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. మనిషిని చట్టంతో బలవంతపెట్టి పెళ్లి చేయించడం క్రూరమని ఆయన బాధపడ్డాడు. రిజిస్టరు ఫారంలో కస్టడీకి ఖాళీ లేదు. పేరు, పారిష్, లైసెన్సు, అంతే. ఒక పెళ్లి లైసెన్సుతో ఎందుకు జరిగిందా, ఆ కూలివాడికి అంత డబ్బు ఎక్కడిదా అని అనుమానం వచ్చినప్పుడు పారిష్ జమాఖర్చుల పుస్తకం తీసి చూడాలి.

1837 జూలై 1 నుంచి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ వచ్చింది. పెళ్లి రిజిస్టరులో గడులు పెరిగాయి. వయసు, వృత్తి, తండ్రి పేరు, తండ్రి వృత్తి, వీటితో పాటు "పెళ్లినాటికి నివాసం" అని ఒక గడి. ఈ గడి పేరు పెట్టినవాళ్లకు నేను దణ్ణం పెడతాను, అంతకు ముందు మూడు వందల ఏళ్లుగా మాట్లాడకుండా వదిలేసిన సంగతిని పైకే చెప్పేశారు. అయినా చిక్కులు పోలేదు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఇద్దరికీ ఒకే ఇంటి నంబరు ఉంటే కలిసి ఉంటున్నారని అనుకోనక్కర్లేదు. రెండు పారిష్‌లైతే రెండుచోట్ల ప్రకటన, రెండుచోట్ల రుసుము. ఒకే చిరునామా ఇస్తే ఒక రుసుముతో పోతుంది.

మరి పుట్టిన ఊరు ఎక్కడ దొరుకుతుంది? ఇంగ్లండులో దీనికి గట్టి ఆధారం 1851 జనాభా లెక్కలు. 1841లో ఇదే జిల్లాలో పుట్టారా కాదా అని మాత్రమే అడిగారు. 1851లో పుట్టిన పారిష్ పేరే అడిగారు. 1815లో పెళ్లయిన దంపతుల్లో ఒక్కరైనా 1851 దాకా బతికి ఉంటే, పెళ్లి పద్దు దాచిన సంగతి ఆ లెక్కల్లో బయటపడుతుంది. అంతకు ముందే పోయినవాళ్లయితే ప్రకటనల పుస్తకం చూడాలి, అది చాలాచోట్ల పెళ్లి రిజిస్టరుకు వేరుగా ఉంటుంది. ఇద్దరి పారిష్‌లూ వేరైతే రెండో పారిష్ పుస్తకంలోనూ ఆ ప్రకటన పడి ఉంటుంది, పెళ్లి అక్కడ జరగకపోయినా సరే. లైసెన్సు పెళ్లి అయితే లైసెన్సు కోసం చేసిన ప్రమాణపత్రం చూడాలి. అందులో "గత నాలుగు వారాలుగా ఈ పారిష్ నివాసి" అని ఉంటే, నాలుగు వారాల కిందట వచ్చాడని అర్థం తీయకూడదు. చట్టం అడిగిన కనీస గడువు అది, గుమాస్తా దాన్ని అలాగే దించాడు. 1823 చట్టం ఆ గడువును పదిహేను రోజులకు తగ్గించింది, అప్పటి నుంచి కాగితాల్లోనూ పదిహేను రోజులే కనిపిస్తాయి.

ఈ ఫారాలు సముద్రం దాటి మన దగ్గరికీ వచ్చాయి. మద్రాసు కోటలో సెయింట్ మేరీ చర్చి 1680లో వెలిసింది. రాబర్ట్ క్లైవ్ పెళ్లి 1753లో అక్కడే జరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల రిజిస్టర్ల నకళ్లు లండన్‌కు పంపేవారు, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. సికింద్రాబాదు, విశాఖపట్నం, గుంతకల్లు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు తమ పెద్దల కోసం వెతికేది వాటిలోనే. సికింద్రాబాదు సెయింట్ జాన్స్ చర్చిలో పెళ్లాడిన సోల్జరు పక్కన సికింద్రాబాదు, తిరుమలగిరి, బొల్లారం అని ఉంటే, అది అప్పుడు అతని రెజిమెంటు దిగి ఉన్న చోటు. ఆ పద్దు చూసి సైన్యం హాజరు పట్టీలకు వెళ్లాలి. సొంత ఊరు ఐర్లండులోనో యార్క్‌షైర్‌లోనో ఉంటుంది.

1872 భారత క్రైస్తవ వివాహ చట్టంలో రిజిస్టరు నమూనా ఇచ్చారు. అందులోనూ "పెళ్లినాటికి నివాసం" అన్న గడి ఉంది. పెళ్లి నోటీసులో ఎక్కడ ఉంటున్నారో, ఎంతకాలంగా ఉంటున్నారో రాయాలన్నారు. నెలకు మించి ఉంటే "ఒక నెల, ఆపైన" అని రాస్తే చాలన్నారు. పుట్టిననాటి నుంచీ అదే ఊళ్లో ఉన్నవాడి కాగితంలో కూడా ఆ మాటే ఉండవచ్చు.

గుంటూరు, నెల్లూరు, ఒంగోలు, మచిలీపట్నం ప్రాంతాల్లో మిషన్ల నాటి తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఇది చాలా అవసరమైన సంగతి. బోధకులను, ఉపదేశులను మిషన్ ఒక స్టేషను నుంచి మరో స్టేషనుకు మారుస్తూ ఉండేది. ఆడపిల్లలు బోర్డింగు స్కూల్లో చదువుకుంటూ అక్కడి నుంచే పెళ్లిపీట ఎక్కి ఉండవచ్చు. అప్పుడు ఆ అమ్మాయి నివాసం గడిలో మిషన్ కాంపౌండు ఉన్న ఊరే పడుతుంది, అమ్మానాన్నలున్న పల్లె పడదు. మన ఇంటిపేర్లలో చాలావాటికి ఊరి పేరే మూలం కాబట్టి ఇంటిపేరు ఒక ఊరు చెబుతుంది, నివాసం గడి మరో ఊరు చెబుతుంది. ఇంటిపేరు చెప్పే ఊరిని ఆ కుటుంబం ఎన్నో తరాల కిందటే వదిలి ఉండవచ్చు. నివాసం గడిలోది నిన్న మొన్నటి మకాం కావచ్చు. పుట్టిన పల్లె కోసం ఈ రెంటినీ దాటి వెళ్లాలి. తండ్రి పేరు గడిని ముందుగా రాసుకోండి. సాక్షుల పేర్లు, వాళ్ల ఇంటిపేర్లతో సహా రాసుకోండి, మేనమామో పెదనాన్నో అందులో ఉండే అవకాశం ఎక్కువ. ఆ ఇంటిపేరున్నవాళ్లు ఏ పల్లెల్లో భూమి కొన్నారో, ఏ పల్లె కాపురస్తులని దస్తావేజులో రాయించుకున్నారో రిజిస్ట్రారు ఆఫీసులో విచారించండి. తర్వాత బాప్తిస్మ రిజిస్టరు అడగండి. అది పెళ్లి జరిగిన పెద్ద చర్చిలో లేకపోతే నిరాశపడి వెనక్కి రావద్దు. అదే పాస్టరేటు కింద ఉన్న చిన్న చిన్న సంఘాల పేర్లన్నీ అయ్యగారిని అడిగి తెలుసుకుని, ఒక్కొక్కటే వెళ్లి చూడండి.